మేడ మీద గది, మెడ మీద జీవో

తెలుగువాడి లెక్కలో గది అంటే పది బై పది. మేస్త్రిని అడిగినా అదే మాట, టు లెట్ బోర్డు కింద నంబరుకి ఫోన్ చేసినా అదే మాట. ఒక మంచం, ఒక బీరువా, తలుపు తెరవడానికి కాస్త జాగా. అమీర్‌పేట హాస్టళ్లలో అయితే అదే పది బై పదిలో మూడు మంచాలు, మూడు కోచింగులు, ఒక్క ఫ్యాను. ఇంత ప్రఖ్యాతి గల ఈ గదిని మన జాతీయ భవన నిర్మాణ స్మృతి మాత్రం గదిగా ఒప్పుకోదు. 2016లో సవరించిన ఆ గ్రంథం ప్రకారం, ఇంట్లో ఉన్నది ఒకే గది అయితే దాని వైశాల్యం 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. అంటే 102 చదరపు అడుగుల పైమాట. మనది సరిగ్గా 100. కాబట్టి అందులో ఉంటున్నవాడు ఆ స్మృతి దృష్టిలో ఎక్కడా ఉండటం లేదు.

స్మృతికారులు అక్కడితో ఆగలేదు. ఇంట్లో రెండు గదులుంటే ఒకటి 9.5 ఉండాలి, రెండోది 7.5 ఉన్నా చాలన్నారు. పక్కన పెద్ద గది ఉన్నవాడి చిన్న గది గదే. పక్కన ఏమీ లేనివాడి గది, అంతకన్నా పెద్దదైనా సరే, గది కాదు. సమాజాన్ని ఇంత నిశితంగా పట్టుకున్న వాక్యం మన సాహిత్యంలో కూడా అరుదే.

పుస్తకాన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. పైకప్పు 2.75 మీటర్ల ఎత్తుండాలని, వంటిల్లు 5 చదరపు మీటర్లకు తగ్గకూడదని, పిట్టగోడ కనీసం మీటరు లేవాలని, గదికి కిటికీ ఇంత ఉండాలని రాసినవాళ్లు మనిషి ఊపిరి గురించీ, మేడ మీద ఆడుకునే పిల్లల గురించీ ఆలోచించే రాశారు. గొడవంతా ఆ పుస్తకానికీ మన మేడకీ మధ్య ఉన్న దారిలో జరుగుతుంది. ఆ దారిలో కూర్చున్నవాళ్లు చాలామంది. వాళ్లలో పుస్తకం చదివినవాళ్లు తక్కువ, ధర చెప్పగలిగినవాళ్లు ఎక్కువ.

మన ఊళ్లలో పూర్తయిన ఇల్లంటూ కనపడదు. ఏ మేడెక్కి చూసినా చుట్టూ మేడల మీద పిల్లర్ల చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయి. తుప్పు పట్టకుండా కొందరు వాటికి ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు బోర్లిస్తారు. కొందరు రెండు పిల్లర్ల మధ్య దండెం కట్టి చీరలారేస్తారు. బ్యాంకులో ఎంతుందో చెప్పని మధ్యతరగతి మనిషి కూడా ఆ చువ్వల ద్వారా తన మనసులో మాట వీధికంతటికీ చెప్పేస్తాడు: ఎప్పటికైనా పైన ఇంకోటి వేస్తాను. అబ్బాయికి పెళ్లి కుదిరిన వారం ఆ సీసాలు దిగుతాయి.

మా వీధిలో ఒక లెక్కల మాస్టారున్నారు. ముప్ఫై ఏళ్లపాటు పిల్లలకి చుట్టుకొలతలూ వైశాల్యాలూ చెప్పి రిటైరైన మనిషి. అబ్బాయి పెళ్లికి మేడ మీద ఒక గది, దానికో బాత్‌రూమ్ వేద్దామనుకున్నారు. ఆయనకి ఉన్న దుర్గుణం ఒక్కటే. అనుమతి తీసుకుని కడదామనుకోవడం.

ఆయన ప్లాటు 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు, 150 గజాలు. హైదరాబాద్ శివార్లలో మధ్యతరగతి కల ఇంచుమించు ఈ సైజులోనే అమ్ముతారు. ఇల్లు కట్టేవాడికి పెద్దబాలశిక్ష 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన 168 నంబరు జీవో. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో 10 మీటర్ల ఎత్తు లోపు కట్టే ఇంటికి ముందు 1.5 మీటర్లు, తక్కిన మూడు వైపులా మీటరు చొప్పున వదలాలంటుంది అది. మాస్టారు పాత డైరీలో లెక్క కట్టారు. 150 గజాల్లో ఇంచుమించు 54 గజాలు గాలికీ వెలుతురుకీ పోతాయి, 96 మిగులుతాయి. లెక్క సరిపోయింది, ఇల్లే సరిపోలేదు. అది పాతికేళ్ల కిందట గ్రామ పంచాయతీ అనుమతితో కట్టిన ఇల్లు. ఒక పక్క అడుగున్నర వదిలారు, రెండో పక్క అదీ లేదు. అప్పట్లో పంచాయతీ కార్యదర్శి సంతకం, గుండ్రటి ముద్ర పడితే ఇల్లు ఇల్లే. తర్వాత పంచాయతీ మున్సిపాలిటీ అయింది. ఊరికి ప్రమోషన్ వచ్చింది, ఇంటికి మెమో వచ్చింది.

ముందు కింద ఇల్లు సక్రమమని తేలాలి, ఆ తర్వాతే పైన గది మాట. కింద ఇల్లు సక్రమం కావాలంటే దాని కింద భూమి సక్రమం కావాలి. లేఅవుట్ వేసిన పెద్దమనిషి పార్కుకని వదలాల్సిన జాగాని కూడా గజాల లెక్కన అమ్మేసుకుని, ఇప్పుడు ఇంకో ఊళ్లో ఇంకో లేఅవుట్‌కి బ్రోచర్లు పంచుతున్నాడు. ఆ పార్కు లేనందుకు భూమి విలువలో 14 శాతం ఖాళీస్థలం రుసుము కట్టాల్సింది కొన్నవాడు. తెలంగాణలో 2020లో వెయ్యేసి రూపాయలు కట్టించుకుని ఈ క్రమబద్ధీకరణకి దరఖాస్తులు తీసుకున్నారు. అవి ఏళ్ల తరబడి నిద్రపోయాక, 2025లో గడువులోగా కడితే 25 శాతం రాయితీ అని ప్రకటించారు. తప్పొకడు చేశాడు, జరిమానా ఇంకొకడు కట్టాలి, కట్టేవాడికి డిస్కౌంటు. డబ్బు కట్టాక పార్కు వస్తుందా అని మాస్టారు అమాయకంగా అడిగారు. పార్కు రాదు, పార్కు పేరున రసీదు వస్తుంది. మనవలు పుట్టాక దాని మీద ఆడుకోవచ్చు.

రోడ్డు సంగతి ఇంకా రసవత్తరం. మా వీధి 20 అడుగులు, నిబంధన కోరేది 9 మీటర్లు, అంటే 30 అడుగులు. కాబట్టి అనుమతి అడిగిన ఇల్లు తన వాటాగా 5 అడుగులు వెనక్కి జరగాలి. మిగతా ఇళ్లు వాళ్లు అనుమతి అడిగిన రోజున జరుగుతాయి. వాళ్లు అడగరు గనక జరగవు. రెండు వీధుల అవతల ఇలా చట్టాన్ని నమ్మి వెనక్కి జరిగిన ఇల్లు ఒకటుంది. వీధి పొడవునా ప్రహరీలన్నీ ఒకే వరుసలో ఉంటే ఆ ఒక్క ఇంటి ముందు పన్ను ఊడినట్టు ఖాళీ. పొద్దున అక్కడ ఇస్త్రీ బండి, సాయంత్రం మిర్చి బజ్జీలు, రాత్రికి ఎదురింటివాళ్ల కారు. భాద్రపదం వచ్చిందంటే వినాయకుడు. నిమజ్జనం అయ్యేదాకా ఆ ఇంటాయన గేటు తియ్యాలంటే గణేశ్ మండలి అధ్యక్షుడు సరేననాలి. ఆ జాగా ప్రభుత్వానికి రాసిచ్చింది గనక ఎవర్నీ ఒక్క మాట అనడానికి లేదు. రోడ్డు మాత్రం ఇప్పటికీ 20 అడుగులే.

మాస్టారు ప్లాన్లు గీసే ఆయన దగ్గరికి వెళ్లారు. ఆయన మర్యాదస్థుడు, కుర్చీ వేసి టీ తెప్పించాడు.

"రెండు ప్లాన్లు గీస్తాను మాస్టారూ. ఒకటి ఆఫీసుకి, ఒకటి మేస్త్రికి."

"రెండూ ఒకటే అయితే ఏం నాయనా?"

ఆయన నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "అలా ఇంతవరకు ఎవరూ అడగలేదండీ" అన్నాడు.

ఆఫీసు ప్లాను చూస్తే ఎవరికైనా ఆ ఇంట్లో ఉండాలనిపిస్తుంది. నాలుగు వైపులా ఖాళీ, మూలకో ఆకుపచ్చ చెట్టు, గేటు పక్కన ఇంకుడుగుంత. 2002 వాల్టా చట్టం నాటి నుంచి ఈ ఇంకుడుగుంత మన ప్లాన్లలో ఇంకుతూనే ఉంది. ఫొటో కోసం తవ్వి, ఫొటో పడ్డాక పూడ్చే గుంతలు ఒక్కటే మన వాన నీటి సంరక్షణలో లోటు లేకుండా జరిగిన భాగం. మేస్త్రి ప్లానులో చెట్లుండవు. ఆఫీసు ప్లానులో 'స్టోర్' అని రాసినచోట ఇక్కడ మంచం ఉంటుంది, 'పార్కింగ్' అన్నచోట కిరాణా కొట్టుకి షట్టర్ ఉంటుంది.

కంప్యూటర్లు వచ్చాక ఇదంతా పోయిందనేవాళ్లున్నారు. కొంత నిజమే, ఒప్పుకోవాలి. 2020 నవంబరులో తెలంగాణలో టీఎస్-బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి సొంత ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. 2025లో బిల్డ్‌నౌ అని ఇంకోటి వచ్చింది, బొమ్మను యంత్రమే చదువుకుంటుంది. ఫైలు బల్ల మీద కునుకు తీసే రోజులు తగ్గాయి. కాని ఆ 2020 చట్టంలోనే ఇంకో మాట ఉంది. సొంతంగా ధ్రువీకరించింది తప్పని తేలితే, కట్టింది దానికి భిన్నంగా ఉంటే, నోటీసు లేకుండానే కూల్చవచ్చు. అనుమతి తక్షణం, కూల్చివేత తక్షణం, మధ్యలో ఇల్లు కట్టడమొక్కటే ఆలస్యం. తీరా 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, రోడ్డు, చెరువు లాంటి చోట్ల కట్టినవి తప్ప, 15 రోజుల నోటీసు ఇవ్వకుండా ఏ కట్టడాన్నీ కూల్చకూడదని తీర్పు చెప్పింది. చట్టం నోటీసు అక్కర్లేదంటుంది, తీర్పు కావాల్సిందే అంటుంది. పౌరుడు ఈ రెండింటి మధ్య ఉన్న సెట్‌బ్యాక్‌లో నిలబడాలి.

ఆఫీసు చుట్టూ, కంప్యూటర్ చుట్టూ తిరగకుండా పని కానిచ్చే మార్గం మా ఎదురింటాయనకి తెలుసు. ఇంటి ముందు ఇసుక పోయించడమే అసలు దరఖాస్తు. టిప్పర్ తొట్టి పైకి లేచిన చప్పుడు ఏ చెవికి చేరాలో ఆ చెవికి చేరుతుంది. మధ్యాహ్నంలోగా ఒక బైకు ఆగుతుంది. దిగినాయన హెల్మెట్ తియ్యడు. ఇసుక గుప్పెడు తీసుకుని వేళ్ల సందుల్లోంచి వదులుతూ మేడ వైపు చూస్తాడు.

"స్లాబ్ ఏస్తున్నట్టున్నరు అన్నా?"

"చిన్న రూమే తమ్మీ. ఇంట్ల పెండ్లి ఉంది."

"శుభం. ఎన్ని స్లాబులు?"

పర్మిషన్ ఉందా అని ఆయన అడగలేదు. ఉందని చెబితే ఇద్దరికీ నష్టం. ఫీజు స్లాబుకింత, బాల్కనీ బయటికొస్తే ఇంకింత. గడువు 21 రోజులు లేదు, అఫిడవిట్ లేదు, టీ తాగేలోపు అయిపోతుంది. సింగిల్ విండో అంటే ఇది, హెల్మెట్‌కి ఉన్న ఆ ఒక్క అద్దం.

ఆ తర్వాత ఇసుక చుట్టూ చేరేవాళ్ల వరుస ఒకటుంటుంది. వార్డు నాయకుడి మనిషినని ఒకడు. ఎవరూ ఎప్పుడూ చూడని పత్రికకి విలేకరినని మెడలో కార్డుతో ఇంకొకడు. మేడని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని, సమాచార హక్కు కింద వివరాలు అడగబోతున్నానని ముందే సమాచారం ఇచ్చే మరొకడు. ఆ చట్టం చేసినవాళ్లు పౌరుడు సమాచారం అడిగి తీసుకుంటాడనుకున్నారు, అడగకుండా ఉండటానికి తీసుకుంటాడని ఊహించలేదు. వీళ్లందరి దగ్గరా టేపులుంటాయి. అందరూ గోడకీ గోడకీ మధ్య కొలుస్తారు.

అలా ఎదురింటాయన నిరుడు మూడో అంతస్తు లేపాడు. దాని మీద రేకులతో ఇంకో వాటా, అది పెంట్‌హౌస్ అట, ఇద్దరు బ్యాచిలర్లకి అద్దెకిచ్చాడు. ఆయన నేల మీద చట్టానికి మరీ దూరంగా లేడు, పక్కకి అడుగు వదిలాడు. అతిక్రమణంతా ఆకాశంలోనే. మొదటి అంతస్తులో సన్‌షేడ్ పేరుతో రెండడుగులు రోడ్డు మీదికి వచ్చాడు. రెండో అంతస్తులో ఆ సన్‌షేడ్ మీద గ్రిల్ పెట్టాడు. ఆర్నెల్లకి గ్రిల్ చుట్టూ గోడ వచ్చింది, గోడ లోపల కమోడ్ వచ్చింది. ఇప్పుడు వీధిలో నడిచే జనమంతా ఆయన బాత్‌రూమ్ కింద నుంచే నడుస్తారు. మాస్టారి గది మీద మొదటి ఫిర్యాదు కూడా ఆయనదే. మాస్టారు పైన గది వేస్తే ఆయన ఇంటికి గాలి రాదట.

నిజానికి ఇది ఎదురింటాయన ఒక్కడి జబ్బు కాదు. ఇంకొకరి గోడ అడుగు ముందుకొస్తే మనకి రాజ్యాంగం గుర్తొస్తుంది. మన గోడ ముందుకొస్తే కుటుంబ అవసరం గుర్తొస్తుంది. కాలనీ సంఘం మీటింగుల్లో అక్రమ నిర్మాణాల మీద తీర్మానం బలపరిచిన చేతులు చూడండి, సగం చేతులకి ఇంకా సిమెంటు ఆరి ఉండదు.

అక్రమ గదికి పన్ను ఉండదనుకుంటే పొరపాటు. ఉన్నదానికన్నా ఎక్కువ ఉంటుంది. సెట్‌బ్యాక్ అతిక్రమణ పదో వంతు లోపైతే ఆస్తిపన్ను మీద 25 శాతం, అది దాటితే 50 శాతం, అనుమతి లేని అంతస్తయితే నూటికి నూరు శాతం జరిమానా. ఏటా కట్టాలి. కట్టినంత మాత్రాన సక్రమం కాదు, ఎప్పుడైనా కూల్చే హక్కు వాళ్లకి ఉంటుంది. అంటే ఆ గది పన్ను కిటికీ దగ్గర ఉంది, అనుమతి కిటికీ దగ్గర లేదు. అద్వైతం చదివినవాళ్లకి తప్ప ఇది తొందరగా అర్థం కాదు. కూల్చితే ఒక రోజు వార్త, ఉంచితే ఏటేటా ఆదాయం. మునిసిపల్ లెక్కల్లో సక్రమంగా ఒక గది కట్టుకున్న మాస్టారి విలువ ఎంత, అక్రమంగా రెండంతస్తులు లేపిన ఎదురింటాయన విలువ ఎంత అని చూస్తే, ఎవరిని ప్రోత్సహించాలో ఖజానాకి బాగా తెలుసు.

ఇంకా ఓపిక పట్టినవాళ్లకి మోక్షం కూడా ఉంది. 2007 డిసెంబరు 31న, కొత్త సంవత్సరం కానుకగా కాబోలు, 901 నంబరు జీవోతో అక్రమ కట్టడాలని డబ్బు తీసుకుని సక్రమం చేసే పథకం వచ్చింది. ఇకపై అతిక్రమణలు ఉండవన్నారు. 2015 మేలో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ వచ్చింది. అదే ఏడాది చివర్లో తెలంగాణలో వచ్చింది. 2019 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఇంకోటి వచ్చింది, ఎన్నికలు ఆ ఏప్రిల్‌లో. తెలంగాణది హైకోర్టులో చిక్కుకుంది, నేరం ఒప్పుకుని జరిమానా చేతిలో పట్టుకుని నిలబడ్డవాళ్లు ఏళ్ల తరబడి అలాగే నిలబడిపోయారు. నేరస్థులు ఇంత క్రమశిక్షణతో క్యూ కట్టిన సందర్భం వేరే ఏ శాఖలోనూ కనపడదు. వీటిల్లో దేంట్లోనూ మాస్టారి లాంటివాడికి చోటు లేదు. ఇంకా కట్టనివాడిని క్షమించడం ఎవరి తరం?

ఇంతకీ మన ఊళ్లలో ఇన్‌స్పెక్టర్ లేకుండా, జరిమానా లేకుండా తు.చ. తప్పకుండా అమలయ్యే బిల్డింగ్ కోడ్ ఒకటుంది. అది వాస్తు. సెట్‌బ్యాక్ మీటరుకి మీటరు మింగేసినవాడు ఈశాన్యం మూల అంగుళం తగ్గిందంటే అన్నం మానేస్తాడు. మా పక్కింటాయన ఇంటికి మున్సిపాలిటీ నోటీసులు వచ్చాయి, వాటిని మడిచి కిటికీ గడియ కింద పెట్టుకున్నాడు, గాలికి కొట్టుకోకుండా. ఒకనాడు సిద్ధాంతిగారు దిక్సూచి పట్టుకుని వచ్చి, ఈశాన్యంలో మెట్లేమిటండీ అన్నారు. మర్నాటి పొద్దుటికి మెట్లు లేవు. వారం రోజులు ఆ కుటుంబం నిచ్చెన మీద ఎక్కిదిగింది, డెబ్బై ఏళ్ల తల్లితో సహా. మున్సిపాలిటీ వాళ్లు నోటీసు కింద సంతకంతో పాటు 'ఇంటి యజమానికి గండం' అని ఒక్క ముక్క చేరిస్తే ఈ రాష్ట్రంలో బుల్డోజర్లతో పనుండదు.

మాస్టారి ఇంట్లో కూడా ఈ శాఖ అనుమతే ముందు వచ్చింది. పైన గది వేస్తే నైరుతిలోనే వెయ్యాలి, పెద్ద కొడుక్కి మంచిది. సరేనన్నారు. ఇంతకీ నైరుతి మూల పిల్లరు గదిని మోస్తుందా అని సిద్ధాంతిగారినీ ఎవరూ అడగలేదు.

ఆ పిల్లర్ దగ్గరికి నేనూ మాస్టారూ మేస్త్రితో కలిసి వెళ్లాం. సీసా తీసి చూస్తే చువ్వ ఎర్రగా ఉంది. గోటితో గీకితే పొరలు పొరలుగా రాలింది. కొత్త చువ్వని పాత చువ్వకి అతకాలంటే దాని మందానికి ఏభై రెట్ల పొడవు ఒకదాని మీద ఒకటి పడాలని సైటు మీద లెక్క. 16 మిల్లీమీటర్ల చువ్వకి 800 మిల్లీమీటర్లు, రెండున్నర అడుగుల పైమాట. మాస్టారు స్కేలు పెట్టారు. అడుగున్నర ఉంది. కింద పుట్టింగ్ ఎంత లోతు తవ్వారో, జాలీ ఏ సైజుది వేశారో తెలిసిన మనిషి పాత మేస్త్రి ఒక్కడే, ఆయన ఇప్పుడు లేడు.

"ఏంగాదు సార్" అన్నాడు కొత్త మేస్త్రి. "నేను చూస్త గదా. అప్పటి సిమెంట్ గట్టిది."

"ఇంజనీర్ వచ్చి చూడక్కర్లేదా?"

"సంతకం ప్లానాయన పెట్టిపిస్తడు సార్."

సంతకం వస్తుంది, ఇంజనీర్ రాడు. ఇసుక దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక్కడైనా మేడెక్కి ఇలాంటి సీసా ఎత్తి చూడలేదు. వీధి వైపు ఎంత వదిలారు, పక్కకి ఎంత వదిలారు, ఎంత ఇస్తారు అన్నారే గాని, ఇది నిలబడుతుందా అన్నవాడు లేడు. ఆ పుస్తకం పుట్టిందే ఆ ప్రశ్న కోసం. సెట్‌బ్యాక్ తప్పితే పక్కింటికి పోపు వాసన వెళుతుంది, పక్కింటి టీవీ మనకి వినపడుతుంది. పిల్లర్ తప్పితే ఏమవుతుందో 2016 డిసెంబరులో నానక్‌రాంగూడలో చూశాం. కడుతున్న ఏడంతస్తుల మేడ రాత్రిపూట కూలింది. దానికి అనుమతి లేదు. 11 మంది చనిపోయారు, ఎక్కువమంది విజయనగరం వైపు నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ వచ్చి ఆ మేడలోనే తలదాచుకున్న కూలీలు. గజాల లెక్కన బంగారం ధర పలికే చోట, అద్దాల ఐటీ మేడల పక్కన, ఏడు స్లాబులు పడేదాకా ఇసుక లారీ చప్పుడు వినవలసినవాళ్లకి వినపడలేదంటే మనం నమ్మాలి. గుప్పెడు ఇసుక పోస్తే మాస్టారి ఇంటి ముందు బైకు ఆగే ఊరే అది కూడా.

మాస్టారు ప్రస్తుతం గది ఆలోచన మానుకున్నారు. అబ్బాయీ కోడలూ రెండు కిలోమీటర్ల అవతల అద్దెకుంటున్నారు, మూడంతస్తుల మేడ మీద ఒంటిగదిలో. పది బై పది.

ప్రభుత్వానికి నాదొక విన్నపం. అతిక్రమించాక పట్టుకోవడం, పట్టుకున్నాక జరిమానా వెయ్యడం, జరిమానా కట్టక ఆగితే పథకం ప్రకటించడం, పథకం మీద కోర్టుకెళ్లడం, ఇన్ని తిప్పలు ఎందుకు? ముందస్తు అతిక్రమణ పథకమని ఒకటి పెట్టండి. ఇల్లు కట్టబోయేవాడు ఎన్ని అడుగులు మింగదలచుకున్నాడో ముందే చెప్పి డబ్బు కట్టేస్తాడు. సన్‌షేడ్ మీద కమోడ్ పెట్టేవాళ్లకి వేరే స్లాబు రేటు ఉండవచ్చు. బైకు మీద వచ్చే ఆయన్ని ఈ పథకానికి అధీకృత సేవాకేంద్రంగా గుర్తిస్తే ఆయనకీ గౌరవం, ప్రభుత్వానికీ వాటా. లేఅవుట్లు వేసేవాళ్లు పార్కు బదులు రసీదు పుస్తకాలు నేరుగా అమ్ముకోవచ్చు. వీధిలో వెనక్కి జరిగిన ఒక్క ఇంటాయనకి వినాయక చవితి పది రోజులూ గేటు వాడుకునే తాత్కాలిక పాసు ఇవ్వాలి. అతిక్రమించే ఉద్దేశం లేదని ఎవరైనా రాసిస్తే అనుమానాస్పద దరఖాస్తుగా పక్కన పెట్టి, క్షేత్ర పరిశీలన జరపాలి. దరఖాస్తుతో పాటు ఇంకుడుగుంత ఫొటో తప్పనిసరి, ఎవరి గుంతైనా ఫరవాలేదు. చివరగా, ఇదే ఆఖరి పథకమని తాను మనస్ఫూర్తిగా నమ్ముతున్నట్టు దరఖాస్తుదారుడు నోటరీ చేయించిన అఫిడవిట్ జతచేయాలి, ప్రతి పథకానికీ విడివిడిగా.